బండమీది భాగస్వామ్యం

మన ఇళ్లలో బిర్యానీకో, నిహారీకో, దాల్చాకో మసాలా దినుసులు తీసేటప్పుడు లవంగం, దాల్చినచెక్క, షాజీరాల పక్కన ఒక విచిత్రమైన వస్తువు కూడా కనిపిస్తుంది. ఒకవైపు బూడిదరంగు, మరోవైపు నలుపు, ముడతలు పడిన ఎండుటాకులా ఉంటుంది. ఉర్దూలో దాన్ని 'పత్థర్ కా ఫూల్' అంటాం. తెలుగులో 'రాతిపువ్వు' అంటారు. పచ్చిగా ఉన్నప్పుడు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. కాగిన నూనెలో పడిందంటే మాత్రం వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది. యునానీ హకీములు దీన్నే 'ఉష్నా' అనే అరబీ పేరుతో మందుల్లో వాడతారు.

పేరులో పువ్వు ఉన్నా ఇది పువ్వు కాదు. ఆకు కాదు, వేరు కాదు, అసలు మొక్కే కాదు. దీన్ని శాస్త్రజ్ఞులు 'లైకెన్' అంటారు. గుట్టల మీది బండలపై తెల్లగా, పచ్చగా, నారింజరంగులో అతుక్కుపోయిన మచ్చలు, పాత గోడల రాళ్లపై గుండ్రని పొలుసులు, చెట్ల బెరడుపై బూడిదరంగు పట్టలు మనం చూస్తూనే ఉంటాం. వాటిలో చాలావరకు లైకెన్లే. ప్రపంచంలో సుమారు 20 వేల రకాల లైకెన్లు ఉన్నాయని అంచనా.

అల్లాహ్ సృష్టిలో ఏదీ వ్యర్థం కాదనీ, భూమ్యాకాశాల సృష్టిని గురించి ఆలోచించేవారే బుద్ధిమంతులనీ దివ్యఖుర్ఆన్ మనకు నేర్పుతుంది (సూరా ఆలి ఇమ్రాన్ 190, 191). కనుక మన మసాలా డబ్బాలో రోజూ కనిపించే ఈ చిన్న వస్తువును గురించి కాసేపు ఆలోచిద్దాం. ఇందులో మన కాపురాలకూ, వ్యాపారాలకూ, అన్నదమ్ముల పొత్తులకూ సంబంధించిన విషయం ఒకటి ఉంది.

ఒకటి కాదు, రెండు

లైకెన్ ఒకే జీవి అని శతాబ్దాలపాటు అందరూ అనుకున్నారు. 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు కొత్త మాట చెప్పాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే లైకెన్ ఒకే ప్రాణి కాదని, రెండు వేర్వేరు జాతుల జీవులు పెనవేసుకొని ఒకే శరీరంగా బతుకుతున్నాయని ఆయన ప్రకటించాడు. వాటిలో ఒకటి శిలీంధ్రం, అంటే బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినది. రెండోది శైవలం, అంటే నీటి కుంటల్లో కనిపించే పచ్చటి నాచు జాతికి చెందినది.

ఆనాటి పండితులు చాలామంది ఈ మాటను ఒప్పుకోలేదు. జీవితమంతా లైకెన్లను పరిశీలించిన ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు విలియం నైలాండర్ వంటివారు తీవ్రంగా వ్యతిరేకించారు. అయినా నిజం నిలిచింది. 1870ల చివర్లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ, వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడానికి ఒక పేరు ప్రచారంలోకి తెచ్చాడు. దాన్నే మన పాఠ్యపుస్తకాల్లో 'సహజీవనం' అని చదువుకుంటున్నాం. అంటే 'సహజీవనం' అనే శాస్త్రపదం స్థిరపడటంలో బండమీది ఈ పొలుసుకు పెద్ద పాత్రే ఉంది.

ఎవరు ఏమి తెస్తారు?

ఇప్పుడు ఈ ఇద్దరు భాగస్వాముల సంగతి చూద్దాం.

శిలీంధ్రానికి ఆకుపచ్చదనం లేదు. సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకోలేదు. మామూలుగా అయితే కుళ్లిన చెక్కమీదో, రాలిన ఆకుమీదో, మరో జీవిమీదో ఆధారపడి బతకాలి. బోడి బండమీద దానికి తినడానికి ఏముంటుంది? కాని దానికి ఒక శక్తి ఉంది. సన్నటి దారాలను దట్టంగా అల్లుకొని గట్టి ఇల్లు కట్టగలదు. బండను పట్టుకొని ఉండగలదు. వానచుక్కనూ, మంచు తేమనూ పీల్చి దాచగలదు.

శైవలం సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. దానిలో పత్రహరితం ఉంది. సూర్యకాంతి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, నీరు ఉంటే చాలు, చక్కెర తయారుచేసుకుంటుంది. దీన్నే కిరణజన్య సంయోగక్రియ అంటారు. కాని దానికి ఇల్లు లేదు. తేమ కోసం దిక్కులు చూడాలి. నడినెత్తిన మండే ఎండలో, ఎండిన బండమీద నిలబడటం దాని వల్ల అయ్యే పని కాదు.

ఇద్దరూ కలిశాక ఏమవుతుంది? శిలీంధ్రం తన దారాలతో పైన గట్టి పొర, కింద పట్టు కల్పిస్తుంది. ఆ పైపొర కింద, వెలుతురు అందేంత దగ్గరలో, ఎండ కాల్చనంత లోపల శైవల కణాలకు చోటు దొరుకుతుంది. చాలా లైకెన్లలో శిలీంధ్రం ప్రత్యేకమైన రంగులను తయారుచేసి తీవ్రమైన ఎండకు గొడుగు పడుతుంది. శైవలం తాను తయారుచేసిన ఆహారంలో పెద్ద భాగాన్ని శిలీంధ్రానికి ఇస్తుంది. కొన్ని లైకెన్లలో శైవలానికి బదులు సయనో బాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు ఉంటాయి. అవి ఆహారంతోపాటు గాలిలోని నత్రజనిని కూడా జీవులకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. ఆ ఎరువు తర్వాత నేలకు కూడా చేరుతుంది.

నీరు లేనప్పుడు లైకెన్ ఎండిపోయి, చచ్చినట్టు పడి ఉంటుంది. నాలుగు చినుకులు పడగానే కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పని మొదలుపెడుతుంది. ఎముకలు కొరికే అంటార్కిటికా చలిలోనూ, ఎడారి రాళ్లమీదా వందల రకాల లైకెన్లు జీవిస్తున్నాయి. 2005లో యూరప్ అంతరిక్ష సంస్థ రెండు రకాల లైకెన్లను ఫోటాన్ ఎం-2 వ్యోమనౌకలో పంపి, సుమారు రెండు వారాలపాటు గాలిలేని అంతరిక్షానికి, అక్కడి తీవ్రమైన సూర్యకిరణాలకు గురిచేసింది. భూమికి తిరిగి వచ్చాక తడిపి చూస్తే అవి మళ్లీ ప్రాణంతో పనిచేయసాగాయి. ఒంటరి శైవలానికి గాని, ఒంటరి శిలీంధ్రానికి గాని సాధారణంగా ఇంత తట్టుకొనే శక్తి ఉండదు. సుబ్‌హానల్లాహ్!

ఆయత్‌ను అతిగా సాగదీయవద్దు

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సూరా ఫాతిర్ 27, 28 ఆయత్‌లలో అల్లాహ్ పర్వతాల్లోని తెల్లటి, ఎర్రటి, కారునల్లటి చారల్ని ప్రస్తావించి, మనుషుల్లో, జంతువుల్లో ఉన్న వేర్వేరు రంగుల్ని గుర్తుచేస్తాడు. తన దాసుల్లో జ్ఞానం గలవారే తనకు నిజంగా భయపడతారని చెబుతాడు. ఇది చదివి, ఆ రంగులంటే లైకెన్లేనని, శాస్త్రజ్ఞులు 1867లో కనుగొన్నది మన గ్రంథంలో ముందే ఉందని వాదించాలని కొందరికి ఉత్సాహం కలుగుతుంది. ఆ పని మనం చేయకూడదు. ఆ ఆయత్ పర్వతాల రంగులను గురించి చెబుతోంది. దానికి లేని అర్థాన్ని మనం తగిలించడం గ్రంథానికి సేవ కాదు. శాస్త్రజ్ఞుల అభిప్రాయాలు మారుతుంటాయి. అల్లాహ్ వాక్కు మారదు. మారేదాన్ని మారనిదానికి ముడిపెడితే రేపు మన పిల్లల విశ్వాసానికే చిక్కు వస్తుంది.

ఈ లైకెన్ విషయంలోనే చూడండి. దాదాపు 150 ఏళ్లపాటు లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, ఒక శైవలం అని పుస్తకాలన్నీ రాశాయి. 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్టు రూపంలో ఉన్న మరో శిలీంధ్రం కూడా ఉందని చూపించింది. తర్వాతి పరిశోధనల్లో అది అన్ని లైకెన్లలోనూ కనిపించలేదు. చర్చ ఇంకా సాగుతోంది. మనిషి జ్ఞానం ఇలాగే మెట్టుమెట్టుగా పెరుగుతుంది. మనకు తెలియనివాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తున్నాడని సూరా నహ్ల్ 8వ ఆయత్ ముందే మనల్ని వినయంగా ఉండమంటోంది.

ఆయత్ మననుంచి కోరేది ఆలోచన, అణకువ, దైవభీతి. లైకెన్‌ను చూసి ఆ మూడూ కలిగితే చాలు.

చిన్న భాగస్వామి సంగతి

చాలామంది లైకెన్ కథను ఇక్కడితో ముగించి, "చూశారా, ఇద్దరూ ఎంత అన్యోన్యంగా ఉన్నారో! మనమూ అలాగే ఉందాం" అంటారు. వినడానికి బాగుంది. కాని కథలో ఇంకో సగం ఉంది. అసలు పాఠం అందులోనే ఉంది.

లైకెన్ శరీరంలో ఎక్కువ భాగం శిలీంధ్రమే. శైవలం వాటా సాధారణంగా పదింట ఒక వంతు, కొన్నిట్లో అంతకన్నా తక్కువ. ఇంటిల్లిపాదికీ తిండి సంపాదించేది మాత్రం ఆ పదో వంతే! శాస్త్రజ్ఞులు లైకెన్‌కు పెట్టే పేరు కూడా నియమం ప్రకారం శిలీంధ్రానికే చెందుతుంది. సంతానానికి బీజాలు తయారుచేసుకొనే అవకాశం కూడా ఎక్కువగా శిలీంధ్రానికే. శైవలం చాలావరకు ఆ ఇంట్లో అణగి ఉంటుంది. విడిగా పెంచితే అది లైకెన్‌లో కన్నా వేగంగా పెరుగుతుంది. శిలీంధ్రం నుంచి వేరుచేసిన శైవలం కొద్దికాలంలోనే తన ఆహారాన్ని బయటికి వదలడం మానేస్తుందని కూడా ప్రయోగాల్లో తేలింది. అంటే అది తనంతట తాను దానం చేయడం లేదు. శిలీంధ్రం దానిచేత ఇప్పించుకుంటోంది.

అందుకే ష్వెండెనర్ ఆ రోజుల్లోనే శిలీంధ్రాన్ని యజమానితో, శైవలాన్ని బానిసలతో పోల్చాడు. అమెరికా శాస్త్రజ్ఞుడు వెర్నన్ అహ్మద్‌జియన్ లైకెన్ల రెండు భాగాలను విడదీసి, ప్రయోగశాలలో మళ్లీ కలిపి ఎన్నో ఏళ్లు పరిశీలించాడు. దీన్ని హద్దుల్లో ఉంచిన పరాన్నజీవనం అన్నాడాయన. శిలీంధ్రం శైవలాన్ని పొలంలా సాగుచేస్తోందని మరికొందరంటారు. అదే సమయంలో ఆ ఇల్లు లేకపోతే శైవలం బోడి బండమీద బతకలేదన్న మాట కూడా నిజమే.

ప్రయోగశాలలో గమనించిన మరో విషయం ఉంది. రెండింటికీ సమృద్ధిగా ఆహారం ఇస్తే అవి కలవవు. పక్కపక్కనే ఉన్నా ఎవరి దారి వారిదే. ఆహారం కరువై, తడి పొడి మారుతూ, ఒంటరిగా బతకడం కష్టమైనప్పుడే అవి ఒకదాన్నొకటి పట్టుకొని లైకెన్‌గా మారతాయి.

ఈ మాట వినగానే మన చుట్టూ ఉన్న కుటుంబాలు గుర్తుకు రావడం లేదూ? తండ్రి చనిపోయి, చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో అన్నదమ్ములు ఒకే కంచంలో తిన్నారు. ఒకరు సైకిలుమీద సరుకు మోశారు, ఒకరు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. దుకాణం పెద్దదైంది. బోర్డుమీద పెద్దన్న పేరు. లెక్కలు పెద్దన్న చేతిలో. తమ్ముడు పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేస్తాడు. తన వాటా ఎంతో అతనికే తెలియదు. అడిగితే "మనలో మనకు లెక్కలేమిటి?" అంటారు. కష్టం కలిపింది. సౌకర్యం విడదీస్తోంది. ఇది ఒక ఊరి కథ కాదు, ప్రతి ఊరి కథ.

తొంభై తొమ్మిది గొర్రెలు, ఒక్క గొర్రె

సూరా సాద్‌లో (21 నుంచి 25 వరకు ఆయత్‌లు) హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) సన్నిధికి వచ్చిన ఇద్దరు వ్యాజ్యకారుల వృత్తాంతం ఉంది. వారిలో ఒకరి దగ్గర 99 గొర్రెలున్నాయి. రెండోవాని దగ్గర ఒకే ఒక్క గొర్రె ఉంది. దాన్ని కూడా తనకే ఇచ్చేయమని మొదటివాడు మాటలతో నోరు నొక్కాడు. ఆ సందర్భంలో దావూద్ (అలైహిస్సలాం) చెప్పిన మాట ప్రతి దుకాణంలో, ప్రతి ఇంట్లో గుర్తుంచుకోవలసినది. కలిసి వ్యవహరించేవారిలో చాలామంది ఒకరిమీద ఒకరు దౌర్జన్యం చేస్తూనే ఉంటారని, విశ్వసించి సత్కార్యాలు చేసేవారు మాత్రమే దీనికి మినహాయింపు అని, అటువంటివారు బహు తక్కువని ఆయన అన్నారు.

గమనించండి. ఆ ఇద్దరిలో ఒకడు రెండోవాణ్ణి తన సోదరుడని చెప్పుకున్నాడు. సోదరుడు అనే మాట పైకి ఉంది, లోపల 99కి ఒకటి కలిపి నూరు చేసుకోవాలన్న ఆశ ఉంది. దౌర్జన్యం అంటే కత్తి పట్టుకొని మీద పడటమే కాదు. మాటకారితనంతో అవతలివాని నోరు మూయించడం కూడా దౌర్జన్యమే.

లైకెన్‌లోని శిలీంధ్రాన్ని మనం తప్పుపట్టలేం. దానికి ఎన్నుకొనే స్వేచ్ఛ లేదు. తనను సృష్టించినవాడు పెట్టిన స్వభావం ప్రకారం అది నడుస్తోంది. ప్రళయదినాన దాన్ని ఎవరూ లెక్క అడగరు. మన సంగతి వేరు. బాధ్యత అనే అమానతును ఆకాశాల ముందు, భూమి ముందు, పర్వతాల ముందు ఉంచగా అవి భయపడి వెనక్కి తగ్గాయని, మనిషి దాన్ని భుజానికెత్తుకున్నాడని సూరా అహ్‌జాబ్ 72వ ఆయత్ తెలుపుతుంది. కనుక బండమీద ఉన్నది చూసి మన నీతిని తయారుచేసుకోలేం. బండమీది జీవిని చూసి మనకు పరస్పరం అవసరమని తెలుసుకోగలం. ఆ అవసరాన్ని న్యాయంగా తీర్చుకొనే పద్ధతి మాత్రం దైవవాక్కు నుంచే, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) జీవితం నుంచే నేర్చుకోవాలి.

మదీనా ఖర్జూర తోటలు

న్యాయమైన భాగస్వామ్యం ఎలా ఉంటుందో మదీనాలో కనిపిస్తుంది. క్రీ.శ. 622లో మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లు ఇల్లూ వాకిలీ వదలి వట్టి చేతులతో వచ్చారు. మదీనావాసులైన అన్సార్లకు భూములు, తోటలు ఉన్నాయి. తమ ఖర్జూర తోటలను ముహాజిర్లకు పంచిపెట్టమని అన్సార్లు దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ముహాజిర్లు తోటల్లో పని చేసేలా, పండిన పంటలో ఇద్దరూ పాలుపంచుకొనేలా ఏర్పాటైంది. ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది.

ఎంత గొప్ప ఏర్పాటు! భూమి ఉన్నవాని భూమి పోలేదు. వలస వచ్చినవాని గౌరవమూ పోలేదు. ఒకరు నేల తెచ్చారు, ఒకరు చెమట తెచ్చారు. ఫలం ఇద్దరిదీ. అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దీవించి, బజారు దారి చూపమని మాత్రమే అడిగారు. ఇచ్చేవారు దాచుకోలేదు, పుచ్చుకొనేవారు ఆశపడలేదు. ఇక్కడ ఎవరూ ఎవరిచేతా బలవంతంగా ఇప్పించుకోలేదు. లైకెన్‌కూ, విశ్వాసుల సమాజానికీ ఉన్న తేడా ఇదే.

దైవప్రవక్త (స) స్వయంగా భాగస్వామిగా వ్యాపారం చేశారు. ఆనాటి ఆయన భాగస్వామి హజ్రత్ సాయిబ్ (రజి) తర్వాతి కాలంలో ఆయన్ను కలిసినప్పుడు, మీరు ఎంతో మంచి భాగస్వామి, వాదులాటకు దిగేవారు కారు అని గుర్తుచేసుకున్నట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. మన భాగస్వాములు మన గురించి ఇలా చెప్పగలరా? మన వాళ్ల ముందు కాదు, మన వెనక!

రాసుకోవడం అవిశ్వాసం కాదు

"అన్నదమ్ముల మధ్య కాగితాలేమిటి? నమ్మకం లేదా?" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. కాని దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (సూరా బఖరా 282) అప్పును రాసి పెట్టుకోవడం గురించే ఉంది. గడువుతో కూడిన వ్యవహారం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని, సాక్షులను పెట్టుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని అందులో ఆదేశం ఉంది. బలహీనుడు, చెప్పలేనివాడు ఉంటే అతని తరఫున సంరక్షకుడు న్యాయంగా చెప్పాలని కూడా ఉంది. అంటే ఇస్లాం దృష్టిలో రాత నమ్మకానికి శత్రువు కాదు, కాపలాదారు. నోరులేనివాని హక్కు కాగితంమీద మాట్లాడుతుంది.

కనుక పొత్తు వ్యాపారం ఉన్న ప్రతి కుటుంబం ఈ మూడు విషయాలు రాసుకోవాలి. ఎవరి పెట్టుబడి ఎంత? ఎవరి శ్రమకు ఎంత వాటా? నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి? సందేహం ఉంటే మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. తండ్రి బతికి ఉండగానే, అందరి మనసులూ మెత్తగా ఉండగానే ఈ పని జరగాలి. జనాజా లేచిన నలభై రోజులకు తగాదా మొదలైన ఇళ్లు మనకు తెలియనివి కావు.

ఇంటిలోని కనిపించని భాగస్వామి

అన్నిటికన్నా పెద్ద భాగస్వామ్యం కాపురం. సూరా రూమ్ 21వ ఆయత్ భార్యాభర్తల మధ్య ఉండే ప్రేమను, కరుణను అల్లాహ్ సూచనల్లో ఒకటిగా లెక్కించింది. అదే సూరాలో ఆ తర్వాతి ఆయత్ భూమ్యాకాశాల సృష్టిని, మన భాషల, రంగుల తేడాను సూచనలుగా పేర్కొంటుంది. అంటే మీ వంటింట్లో, మీ పడసాలలో జరుగుతున్నది కూడా ఆకాశమంత పెద్ద నిదర్శనమే.

లైకెన్‌ను బయటినుంచి చూస్తే శిలీంధ్రమే కనిపిస్తుంది. శైవలం పైపొర కింద ఉంటుంది. కాని దాన్ని తీసివేస్తే ఆ ఇల్లు ఆకలితో చస్తుంది. అలాగే మన ఇళ్లలో ఇంటి పేరు మగవానిది, బయటి పలుకుబడి మగవానిది. తెల్లవారుజామున ఫజ్ర్‌కు ముందే లేచి, రాత్రి అందరూ పడుకున్నాక పడుకొనే ఇల్లాలి పని ఏ లెక్కపుస్తకంలోనూ ఉండదు. బీడీలు చుట్టో, కుట్టుమిషను తొక్కో ఆమె సంపాదించిన నాలుగు రూపాయలు కూడా ఇంటి ఖర్చులో కలిసిపోతాయి. ఆమె సంపాదన ఆమెదేనని, ఆమె మహర్ ఆమె హక్కు అని షరీఅత్ చెబుతుంది. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే అది సత్కార్యం. అడగకుండా తీసుకుంటే, అడిగినందుకు కోప్పడితే, అది 99 గొర్రెలవాని పద్ధతి.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మొత్తం సమాజ భారం మోస్తున్న మహనీయుడు ఇంటి పనిని చిన్నతనంగా భావించలేదు. మనకు తీరిక లేదంటే ఎవరు నమ్ముతారు?

గాలి చెడితే

లైకెన్‌కు వేరు లేదు. కావలసినదంతా గాలి నుంచి, వాన నుంచి తీసుకుంటుంది. మంచీ చెడూ ఎంచి తీసుకొనే ఏర్పాటు దానికి లేదు. అందుకే గాలి చెడితే అది ముందుగా చస్తుంది. ఇంతకుముందు చెప్పుకున్న నైలాండరే 1866లో పారిస్ నగరంలోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో లైకెన్లను పరిశీలించి, అవి గాలి శుభ్రతను కొలిచే సాధనాలని రాశాడు. ఒక విషయంలో పొరబడిన పండితుడే మరో విషయంలో నిజం పట్టుకున్నాడు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగినప్పుడు ఆ విషధూళి ఎక్కడో ఉత్తర స్కాండినేవియాలోని లైకెన్లలో చేరింది. చలికాలంలో వాటినే మేసే రెయిన్‌డీర్ల మాంసంలోకి వెళ్లింది. వాటిమీద బతికే సామీ ప్రజల జీవనం దెబ్బతిన్నది. మనుషుల చేతులు చేసినదానివల్ల నేలమీదా, నీటిలోనూ కల్లోలం పుడుతుందన్న హెచ్చరిక సూరా రూమ్ 41వ ఆయత్‌లో ఉంది.

ఇల్లు కూడా ఇంతే. ఇంట్లోకి వచ్చే సంపాదన ఎలాంటిదో, ఇంట్లో వినిపించే మాటలు ఎలాంటివో, వాటినే పిల్లలు పీలుస్తారు. తూకంలో మోసం, వడ్డీ సొమ్ము, పొత్తులో దాచిన లాభం, పక్కింటివారి చాడీలు... ఇవన్నీ కంటికి కనిపించని పొగ. గోడలు గట్టిగానే ఉంటాయి. లోపల పచ్చదనం మాత్రం చస్తుంది.

నిదానమే బలం

రాతిమీద పెరిగే కొన్ని లైకెన్లు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేతి వెడల్పు అయ్యేసరికి మనిషి తరాలు గడిచిపోతాయి. హిమానీనదాలు వెనక్కి తగ్గి ఎన్నేళ్లయిందో లెక్కించడానికి శాస్త్రజ్ఞులు బండమీది లైకెన్ వెడల్పును కొలుస్తారు. ఇంత నిదానంగా పెరుగుతూనే అది తనలోని ఆమ్లాలతో రాతిని రవ్వంత రవ్వంతగా కరిగిస్తుంది. తాను చనిపోయాక ఆ రాతిపొడిలో కలుస్తుంది. ఆ పిడికెడు మట్టిలో తర్వాత ఒక గడ్డిపోచ మొలుస్తుంది.

చాలా లైకెన్లు పొడిలాంటి చిన్న చిన్న మూటలను గాలికి వదులుతాయి. ఆ మూటలో శిలీంధ్రపు దారాలూ ఉంటాయి, శైవల కణాలూ ఉంటాయి. కొత్త చోట పడిన చోటనే ఇద్దరూ కలిసి కాపురం మొదలుపెడతారు. మనం పిల్లలకు ఇచ్చే మూటలో ఏముంది? ఆస్తి ఒక్కటే ఉంటే అది సగం మూటే. ఆస్తిని న్యాయంగా పంచుకొనే గుణం కూడా అందులో ఉంటేనే అది మొలకెత్తుతుంది.

ఇంట్లో కలిసి ఆలోచించండి

ఈ నెల ఒక రోజు ఇషా తర్వాత కుటుంబమంతా కూర్చొని ఈ ప్రశ్నలు మాట్లాడుకోండి.

1. మన ఇంట్లో, దుకాణంలో, పొలంలో ఎవరి శ్రమకు పేరు రావడం లేదు? వారికి చివరిసారి ఎప్పుడు కృతజ్ఞత చెప్పాం?

2. మనకు ఉన్న పొత్తుల్లో ఏది రాతలో లేదు? దాన్ని ఎవరు, ఎప్పుడు రాస్తారు?

3. కష్టకాలంలో మనతో నిలిచి, ఇప్పుడు దూరమైన బంధువు ఎవరు? ముందుగా సలాం చెప్పేది ఎవరు?

4. పిల్లలకు మసాలాలోని రాతిపువ్వును చూపించి, అందులో ఎందరున్నారో, ఎవరు ఏ పని చేస్తారో అడగండి.

అల్లాహ్ మనుషుల్ని ఒకే రకంగా పుట్టించలేదు. ఒకరికి బలం, ఒకరికి తెలివి, ఒకరికి ధనం, ఒకరికి ఓర్పు ఇచ్చాడు. ఒకరితో ఒకరు పని చేయించుకోవడానికే ఈ తేడాలు పెట్టాడని సూరా జుఖ్రుఫ్ 32వ ఆయత్‌లో ఉంది. అయితే మన ప్రభువు కారుణ్యం మనుషులు కూడబెట్టుకొనేదానికన్నా మేలైనదని ఆ ఆయతే చివర హెచ్చరిస్తుంది. తేడా పరీక్ష కోసం. ఎక్కువ ఉన్నవానికే ప్రశ్నలు ఎక్కువ.

మనలో మాటకారితనంతో ఇతరుల హక్కును మింగేవారిని అల్లాహ్ సరిదిద్దుగాక. నోరులేని భాగస్వాముల హక్కును మన చేతులమీదుగానే వారికి చేర్చుగాక. దావూద్ (అలైహిస్సలాం) చెప్పిన ఆ కొద్దిమందిలో మనల్ని చేర్చుగాక. ఆమీన్.